నూకన్న బంగారం

షాదీపూర్‌లో మా మేకుల కొట్టుకి వీరేంద్ర వస్తే నాకు ఒళ్ళు మండుతుంది. కొనేది అరకిలో మేకులు, కూర్చునేది రెండు గంటలు. పోర్ట్‌బ్లెయిర్‌లో సగం కాలవలు కట్టించిన కాంట్రాక్టరు మేకుల కోసం తనే రావాలా? ఆయన వచ్చేది మా నాన్న నోట్లో ఉన్న సగం మాట కోసమని ఆయనకీ తెలుసు, నాకూ తెలుసు.

ఆ సగం మాట సంగతి ఈ దీవుల్లో తెలుగువాళ్ళందరికీ తెలిసిందే. ముప్పై ఏడేళ్ళ కిందట డిగ్లీపూర్ దగ్గర మా చేపల పల్లె నుంచి ముగ్గురు ఒకే పడవలో ఉత్తరానికి వెళ్ళారు. ఒకరు మా నాన్న తాతబ్బాయి, ఒకరు వీరేంద్ర తండ్రి సూరయ్య, మూడోవాడు నూకన్న. నాలుగో రోజు ఇద్దరే తిరిగొచ్చారు. మంచినీళ్ళ కోసం ఒక వాగు పట్టుకుని అడవిలోకి వెళ్ళామని, అక్కడ తెల్లదొరలు తవ్వి వదిలేసిన బంగారు గని కనబడిందని చెప్పారు. తాము నీళ్ళు మోసుకొచ్చేలోగా నూకన్న దొరికినంత మూటగట్టి, అటుగా పోతున్న బర్మా పడవెక్కి పారిపోయాడన్నారు. గని గురుతులు చెరి సగం పెట్టుకున్నామని, ఒకరు లేకుండా ఒకరు వెళ్ళమని గంగమ్మ మీద ఒట్టేసుకున్నామని కూడా చెప్పారు.

ఇంక చూడండి. గోరంతని కొండంత చెయ్యడంలో మనవాళ్ళని మించినవాళ్ళు లేరు. తవ్వింది తెల్లదొరలు కాదు, జపానువాళ్ళని ఒక టీకొట్టు. జపానువాళ్ళు కాదు, కాలాపానీ ఖైదీలని ఇంకో టీకొట్టు. ఆ తర్వాత మా నాన్న సముద్రం మానేశాడు. చేపల వాసన లేనిదే అన్నం దిగని మనిషి, పోర్ట్‌బ్లెయిర్ వచ్చి ఇనప సామాను కొట్టు పెట్టాడు. అది గని డబ్బే అన్నారు. సూరయ్యా ఆయనా మాటలు మానేస్తే, వాటాల దగ్గర తేడా వచ్చిందన్నారు. నేనూ అదే అనుకున్నాను.

పడవ తిరిగొచ్చేనాటికి నాకు తొమ్మిదేళ్ళు, ఇంకా పల్లెలోనే ఉన్నాం. నూకన్న పెళ్ళాం తులసమ్మ పిన్ని ఎండుచేపల తట్టతో వీధిలోకి వస్తే పిల్లలం వెనకపడేవాళ్ళం. "నూకన్న యాడికెల్లేడు? బర్మాకెల్లేడు! ఏటట్టుకెల్లేడు? బంగారమట్టుకెల్లేడు!" అందరిలోకీ నా గొంతే పెద్దది. ఆవిడ ఒక్కసారి కూడా వెనక్కి తిరగలేదు. రూపాయంత బొట్టు పెట్టుకుని, మెళ్ళో పసుపుతాడుతో, తల దించకుండా నడిచిపోయేది. మొగుడు బతికే ఉన్నాడు కదా, మరి బొట్టెందుకు తీస్తుంది?

మొన్న ఫిబ్రవరిలో వీరేంద్ర వచ్చి, ఈసారి మేకులు కూడా అడగకుండా స్టూలు లాక్కున్నాడు. సూరయ్య పోయి అప్పటికి ఆరు నెలలు.

"దీదీ, సీదా మాటాడతాను. బాబు పోయే ముందు నాకు చెప్పీసేడు. నా సగం నీకు ముందే ఇచ్చీస్తాను. తర్వాత నీ ఇష్టం."

"నాకక్కర్లేదు."

"విను దీదీ. చిన్న దీవి కొనమీద పెద్ద గర్జన్ చెట్టు. దాని ముందు ఏనుగు రాయి. రాయి ఎనక చెట్టు దాగిపోవాల. బస్, ఇంతే. ఆ చెట్టు చుట్టూ ఆరు నెలల్నుంచి మనుషుల్ని పెట్టి వెతికించేను. కుఛ్ నహీ! మీ నాన్న సగం ఉంటేగానీ అవదు."

తక్కెట్లో మేకులు పోస్తున్న దాన్ని ఆగిపోయాను. మా నాన్న సగం నాకు తెలుసు. చిన్నప్పుడు ఎక్కం నేర్పినట్టు నేర్పాడు. శాడిల్ పీక్ కొండ పక్క మొన, దాని కింద తెల్ల చరియ. మొన వచ్చి చరియ నెత్తిన కూర్చోవాలి. కొండ కింద చరియ దగ్గర గని ఉందని నేను ఇన్నేళ్ళూ అనుకుంటున్నాను.

వీరేంద్ర ఇటుకల మీద పెరిగినవాడు, ఆయనకి తెలియదు. నేను మాత్రం తొమ్మిదేళ్ళదాకా పడవల మధ్య పెరిగినదాన్ని. సముద్రానికి వీధులూ నంబర్లూ ఉండవు. మంచి చేప పడిన చోటు మళ్ళీ దొరకాలంటే ఒడ్డు చూడాలి. ఒకదాని వెనక ఒకటి ఉన్న రెండు వస్తువులు ఒక్కటిగా కనబడితే అది ఒక గురుతు. ఇంకో దిక్కున అలాంటిదే ఇంకొకటి చూసుకుంటారు. రెండు గురుతులూ ఒకేసారి కుదిరితే పడవ ఆ చోటులో ఉన్నట్టు. చెట్టు దగ్గర నిలబడినవాడికి రాయి వెనక చెట్టు ఎలా దాగుతుంది? ఆ గురుతు చూసేవాడు నీళ్ళ మీద ఉండాలి. మా నాన్నదీ అంతే. ఆ రెండూ కలిసే చోట అడవీ లేదు, వాగూ లేదు. ఉన్నది సముద్రం.

"నాకేం తెలీదు వీరేంద్రా. లే, కొట్టు కట్టేస్తున్నాను," అన్నాను. పట్టపగలు నాలుగు గంటలకి షట్టరు దించాను.

ఇంటికి వెళ్ళేసరికి నాన్న వరండాలో కూర్చుని రొయ్యలు ఒలుస్తున్నాడు. డెబ్బై ఆరేళ్ళు, చెయ్యి ఇంకా వణకదు. ఎదురుగా కూర్చున్నాను.

"నాన్నా, గని నీళ్ళల్లో ఉంటుందా?"

రొయ్య చేతిలోనే ఉండిపోయింది. సూరయ్య సగం కూడా చెప్పాను. కాదంటాడేమో, తిడతాడేమో అని ఎదురుచూశాను. తిడితే బాగుండుననిపించింది.

"గనీ నేదు, గాడిద గుడ్డూ నేదు," అన్నాడు చివరికి. "టర్బో గవ్వల కోసం ఎల్లేం, మంచి ధరొచ్చీది. లైసెన్సు నేదు. నూకన్న మునిగి తీసీవోడు. ఆడంత ఊపిరి ఎవడికీ నేదు. ఆడు నీళ్ళల్లో ఉండగా దూరంగా పెట్రోలింగు బోటు కనబడింది. పట్టుకుంటే పడవ పోద్ది, జైలు. సూరయ్య ఇంజను తిప్పీసేడు. మూల తిరిగి మడ అడవిలో దాక్కున్నాం. నూకన్నకి ఈతొచ్చు కదా, గంటసేపు ఆగలేడా అనుకున్నాం."

"తిరిగి వెళ్ళారా?"

"ఎల్లేం. ఆడు నేడక్కడ. రెండ్రోజులు వెతికేం. వెతకడానికే గురుతులు పెట్టేం. ఒడ్డుకొచ్చి ఏటి చెప్పాల? వదిలీసి పారిపోయేమని చెప్పాలా? సూరయ్య నోట్లోంచి బంగారం వచ్చింది, నేను ఊఁ కొట్టేను. పది రోజుల్లో మర్చిపోతారనుకున్నాం. జనం గని కట్టీసేరు. ఎక్కడా ఎక్కడా అని పీక్కుతింటే చెరో గురుతూ పంచుకున్నాం, ఒకడు నోరు జారినా చోటు తెలవకుండా."

"మీరు వెళ్ళిపోతుంటే ఆయనకి తెలీదు కదా? అడుగున ఉన్నాడు కదా?"

నాన్న రొయ్యల గిన్నె పక్కన పెట్టాడు.

"పైకొచ్చీసేడు. చెయ్యెత్తేడు. సూరయ్య తను చూడనేదన్నాడు, నిజమో కాదో ఆడికే తెలుసు. నేను చూసేను, అమ్మా. చూసి ముందుకి తిరిగిపోయేను."

ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. పాతికేళ్ళుగా కొట్టులో ఈ మనిషి పక్కనే కూర్చున్నాను. నాకు కోపం, అసహ్యం, ఏడుపు అన్నీ ఒకేసారి వచ్చాయి. ఆ రొయ్యలు వండలేదు.

"నేను పోయేక తులసమ్మకి చెప్పీ. ఎన్నాళ్ళుంటాను," అని బతిమాలాడు.

మూడు రోజులు మింగలేక కక్కలేక తిరిగాను. చెబితే నూకన్న దొంగ కాడు. చెబితే తులసమ్మ పిన్ని ముత్తయిదువా కాదు. అరవై తొమ్మిదేళ్ళ మనిషికి ఒకే మాటతో మొగుణ్ణి తిరిగిచ్చి, అదే మాటతో చంపెయ్యాలి. పైగా మా నాన్న పేరు వీధిలో పడుతుంది. చెప్పకపోతే మాకు ఏ నష్టమూ లేదు. ఆ సుఖమే నన్ను నిద్రపోనివ్వలేదు. నా గొంతే పెద్దదని చెప్పాను కదా, ఆ పాట మూడు రోజులూ నా చెవిలోనే మోగింది.

నాలుగో రోజు ఫీనిక్స్ బే జెట్టీలో డిగ్లీపూర్ ఓడ టికెట్టు కోసం క్యూలో నిలబడ్డాను. కౌంటరు దగ్గరికి చేరేసరికి వెనక నుంచి ఎవరో భుజం తట్టారు. చేతిలో గుడ్డసంచితో నాన్న.

"రెండు తీసుకో. నేనే చెప్తాను," అన్నాడు.

ముప్పై ఏడేళ్ళ తర్వాత ఓడెక్కాడు. దారి పొడుగునా డెక్ మీదికి రాలేదు. లోపల గోడకి తిరిగి కూర్చున్నాడు.

తులసమ్మ పిన్ని ఇంటి ముందు వల పరిచి, ఎండుచేపలు తిరగేస్తోంది. జుట్టు ముగ్గుబుట్టయింది గానీ బొట్టు మాత్రం అప్పటి సైజే. నన్ను చూసి నవ్వింది. వెనక నాన్నని చూసి నవ్వు ఆపేసింది.

"ఏటి తాతబ్బాయన్నా, ఇన్నాళ్ళకి దారి తప్పేవు? మా దొంగోడు కబురెట్టేడేటి?"

నాన్న నోరు తెరిచాడు. పెదాలు కదిలాయి, మాట రాలేదు. రెండోసారి ప్రయత్నించి నేల మీద చతికిలబడ్డాడు. నేనే తెచ్చుకున్న పని, నేనే చెయ్యక తప్పలేదు. ఆవిడ పక్కన కూర్చుని మొదటి నుంచీ చెప్పాను. గవ్వలూ, పెట్రోలింగు బోటూ, మడ అడవీ. ఎత్తిన చెయ్యి దగ్గర ఆగాను. అది దాచెయ్యాలనిపించింది. నాన్న తల అడ్డంగా ఊపాడు. అది కూడా చెప్పాను.

ఆవిడ ఏడవలేదు. చేతిలో ఉన్న చేపని వల మీద పెట్టి, దాని తోక సరిచేసింది.

"రోజూ తిట్టీదాన్నే, లచ్చీ," అంది. "పొద్దున్న గంజి తాగే ముందొకసారి, సాయంత్రం అన్నం తినే ముందొకసారి. నీ బంగారం బుగ్గయిపోనూ, నీ నోట్లో మన్నడిపోనూ అని. ఆడు నోట్లో ఉప్పునీళ్ళెట్టుకుని పడవ కోసం చూస్తన్నాడు. నేను అన్నం ముందు కూకుని ఆణ్ణి తిడతన్నాను."

నేను ఆవిడ చెయ్యి పట్టుకోబోయాను. విదిలించేసింది. నాకు తగిన శాస్తే.

"నీ పాట కూడా గుర్తుంది నాకు," అంది నా వైపు చూడకుండా. తర్వాత లేచి, చీర కుచ్చెళ్ళు బొడ్లో దోపుకుంది. "గురుతులున్నాయన్నావు కదా. పడవ మాటాడు."

పక్కింటి గణేష్ డింగీ పడవ దొరికింది. సముద్రం అద్దంలా ఉంది. రెండు గంటల ప్రయాణంలో పిన్నీ నాన్నా ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. శాడిల్ పీక్ కనబడగానే నాన్న లేచి నిలబడ్డాడు. శుక్లాల కళ్ళ మీద చెయ్యి అడ్డం పెట్టుకుని, ఎడమకి, కొంచెం ఎడమకి అని చెయ్యి ఊపాడు. మొన వచ్చి తెల్ల చరియ నెత్తిన కూర్చుంది. గణేష్ మెల్లగా నడిపాడు. చిన్న దీవి కొనమీద గర్జన్ చెట్టు ఏనుగు రాయి వెనక్కి జరిగి జరిగి దాగిపోయింది.

"ఇక్కడే," అన్నాడు నాన్న. ఇంజను ఆపాడు గణేష్.

పడవకి నాలుగు బారల దూరంలో నీళ్ళలోంచి నల్లటి రాతిగట్టు బయటికొచ్చి ఉంది. ఇద్దరు కూర్చోవచ్చు దాని మీద.

"ఈ రాయి అప్పుడుందా?" అడిగింది పిన్ని.

"అడుగున ఉండీది. సునామీ నాటి భూకంపానికి ఇటేపు నేలంతా పైకి లేచింది కదా," అన్నాడు గణేష్.

పిన్ని ఆ రాయినే చూస్తూ కూర్చుంది. "అప్పుడే లేచుంటే పట్టుకుని కూకునీవోడు. మీరు తిరిగొచ్చీదాకా కూకునీవోడు," అంది. నాన్న రెండు చేతులూ జోడించాడు. మోకాళ్ళ మీదికి వంగి, "తప్పయిపోయింది తల్లీ" అని ఒక్కటే మాట పదిసార్లు అన్నాడు. ఆవిడ క్షమించాననలేదు, శాపమూ పెట్టలేదు. ఆయన అక్కడ లేనట్టే ఊరుకుంది.

పడవ అంచు మీదికి ఒంగి దోసిలితో నీళ్ళు తీసుకుని మొహం కడుక్కుంది. బొట్టు కరిగి చెంపల మీదికి కారింది. మెళ్ళో పసుపుతాడు పైకి లాగి, ముడి విప్పడానికి చూసింది. ఏళ్ళ తరబడి బిగిసిన ముడి, రాలేదు. వల కోసే కత్తి అడిగింది. గణేష్ నా వైపు చూశాడు. నేను తీసి ఇచ్చాను. తాడు తెంపి, పుస్తె రెండు వేళ్ళ మధ్య పట్టుకుని ఒకసారి ఎండలో చూసుకుంది. అరిగి అరిగి చింతాకంత అయింది. రాతిగట్టు పక్కన చెయ్యి మునిగేదాకా దించి వదిలేసింది.

తర్వాత చెయ్యి కొంగుకి తుడుచుకుంటూ, ఆ రోజు మొదటిసారి నా కళ్ళల్లోకి సూటిగా చూసింది.

"ఎల్లి ఆ వీరేంద్రకి చెప్పు," అంది. "ఇప్పుడున్నాది ఇక్కడ బంగారం."