చిన్నోడి అడుగు

అక్క గడప దాటకుండానే ఆ కొండలన్నీ తిరిగింది. తమ్ముడు అడుగుల లెక్క రాసి పంపే నోటుపుస్తకాలు ముందేసుకుని, కిటికీ పక్క బల్ల దగ్గర పటం గీయడానికి కూర్చుంటే చాలు, గది గోడలు ఎటు పోయేవో తెలిసేది కాదు. తెల్లకాగితం మీద మంచు కమ్మేది. ఆ మంచులో ముందు చిన్నోడు, వెనకాల పెన్సిలు పట్టుకుని ఆవిడ. పొయ్యి మీద పాలు పొంగి మాడినా ఆవిడ లోయలోంచి వచ్చేది కాదు.

చిన్నోడంటే నలభై ఏళ్ల చిన్నోడు! ఎవరూ చూడని ఆ లోయను కాలినడకన కొలిచినందుకు భూగోళ సంఘం బంగారు పతకం ప్రకటించింది. అంతకు మించిన గౌరవం ఆ విద్యలో లేదు. పత్రికలు వాణ్ణి 'భయమెరుగని వీరుడు' అన్నాయి. అది చదివి అక్క ముసిముసిగా నవ్వుకుంది.

సాయంత్రం సభ అనగా మధ్యాహ్నమే సంఘం కార్యదర్శి ఇద్దరినీ పిలిపించాడు. ముఖం కందగడ్డలా ఉంది. బల్ల మీద తమ్ముడి పుస్తకం, పక్కనే అక్క పటం.

"లోయ అంచున ఈయన వేసినవి నాలుగు వేల అడుగులు. మనిషి ఒక అడుగు వేస్తే రెండున్నర అడుగుల దూరం. అంటే పొడవు పదివేలు. మీరేమో నాలుగు వేలే గీశారు. పోనీ పొరపాటనుకుందామంటే, మొన్న మావాళ్లు గొలుసుతో కొలిస్తే మీ పటమే నిజమని తేలింది. పుస్తకం తప్పయితే పటం ఒప్పెలా అయిందమ్మా? ఎవరిది చూసి గీశారు? జవాబు లేకపోతే పతకమూ లేదు."

జవాబు అక్క నాలుక చివరే ఉంది. లోయ అంచు పేజీలో అంకెలు ఒకదాన్నొకటి పట్టుకుని ముడుచుకున్నాయి, పెన్సిలు కాగితంలోకి దిగబడింది. చూడగానే ఆవిడకి వీధి మలుపులో కుక్క ఉన్న ఇల్లు గుర్తొచ్చింది. చిన్నప్పుడు అక్కడికి రాగానే చిన్నోడు ఆవిడ చిటికెన వేలు పట్టుకుని, మడమకి బొటనవేలు ఆనించి ఆనించి నడిచేవాడు. అప్పుడు వాడి అడుగంటే అచ్చంగా పాదమంత. అక్క అడుగుకి పాదం లెక్కన అలాగే గీసింది.

చెబితే వీరుడి పరువు పోతుంది, చెప్పకపోతే పతకం పోతుంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి. ఆవిడకి ఏడుపొచ్చింది.

"అక్క చెప్పదు లెండి," అన్నాడు తమ్ముడు. "నాకు భయమేసిందండీ. కింద చూస్తే పాతాళం. భయమేస్తే నా అడుగు చిన్నదవుతుంది. ఆ సంగతి నాకే గుర్తు లేదు, అక్క లెక్కలో వేసింది."

కార్యదర్శి పుస్తకం తెరిచి ఆ ముడుచుకున్న అంకెల మీద వేలు పెట్టి చాలాసేపు చూశాడు. తర్వాత మూసేశాడు.

"సాయంత్రం ఇద్దరూ త్వరగా రండి."

హాలు నిండిపోయింది. దీపాల కింద అంతా మంచులా తెల్లగా ఉంది. పేరు పిలవగానే చప్పట్లు మోగాయి. వెనక వరసలోంచి చిన్నోడు లేచి, అక్క చిటికెన వేలు ఒక్కసారి తాకి, వేదిక వైపు కదిలాడు. మడమకి బొటనవేలు. అలవాటు కొద్దీ ఆవిడ లెక్కపెట్టింది. నలభై ఏడు అడుగులు.

పతకం పట్టుకుని అక్క దగ్గరికి తిరిగొచ్చేటప్పుడు మాత్రం పంతొమ్మిదే.