పెన్సిలమ్మ వదిలేసిన వాక్యం

ఎప్పుడూ సిగలో పెన్సిల్ దోపుకుని తిరిగేది కాబట్టి ఆవిడ పెన్సిలమ్మ. శాసనసభలో ఎవరేం మాట్లాడినా షార్ట్‌హ్యాండ్ గీతల్లో టకటకా రాసే ఉద్యోగం. రిటైరై ఇరవై ఏళ్లయినా, ఎవరైనా గబగబా మాట్లాడితే ఆవిడ వేళ్లు ఇప్పటికీ ఊరుకోవు.

ఇప్పుడావిడ కోర్టులో సాక్షి బోనులో నిలబడి ఉంది. బట్టల కొట్లలో పనిచేసే ఆడపిల్లలు వేసిన కేసు. పనివాళ్లకు కూర్చునే ఏర్పాటు ఉండాలని నలభై ఏళ్ల కిందటి చట్టం చెబుతోంది. యజమానులు వెనక గదిలో ఒక్క స్టూలు పడేసి, ఉందిగా అంటారు. చట్టం చేసిన రోజు మంత్రిగారు సభలో ఏమని మాటిచ్చారో చూపించండి అని పిల్లలు అడిగితే, ఆ చర్చ అచ్చు కాలేదు, అచ్చు కానిది జనానికి చూపించం అంది సభ ఆఫీసు. మర్నాడే సభ రద్దయింది మరి, నోటుపుస్తకాలు బీరువాలోనే ఉండిపోయాయి. పిల్లలు నాలుగేళ్లు కాళ్లరిగేలా తిరిగాక కోర్టు బీరువా తెరిపించింది. తీరా తెరిస్తే ఆ గీతలు ఎవరికీ అంతుపట్టలేదు. రాసినావిడనే పిలిపించారు.

పిలుపు రాగానే పెన్సిలమ్మ గుండెల్లో రాయి పడింది. సరిగ్గా ఆ వాక్యమే తన పుస్తకంలో లేదని ఆవిడ ఒక్కదానికే తెలుసు.

ఆ రోజు అమ్మను మొదటిసారి సభకు తీసుకెళ్లి సందర్శకుల గ్యాలరీలో కూర్చోబెట్టింది. అమ్మ ముప్ఫై ఏళ్లు బట్టల కొట్లో నిలబడి గుడ్డ కొలిచిన మనిషి. ఇంటికొచ్చేసరికి పాదాలు ఉబ్బిపోయి చెప్పులు ఊడేవి కావు. రాస్తూ రాస్తూ తలెత్తి చూస్తే, అమ్మ చెప్పులు విడిచి, కాళ్లు చాపుకుని దర్జాగా కూర్చుని ఉంది. పట్టపగలు అమ్మ కూర్చుని ఉండగా చూడటం కూతురికి అదే మొదలు. ఎంత బాగుందో! పెన్సిల్ ఆగిపోయింది. బల్లలు చరిచిన మోతకి ఉలిక్కిపడి మళ్లీ రాతలో పడింది. ఇంకోసారి చూసేసరికి అమ్మ కుర్చీ ఖాళీ.

"కునుకు పట్టిందే, కాపలాదారు బయటికి పంపేశాడు," అంది అమ్మ సాయంత్రం. నలుగురిలో పరువు తీశావని కూతురు నానా మాటలూ అంది. మళ్లీ ఎప్పుడూ తీసుకెళ్లలేదు. అమ్మా అడగలేదు.

కోర్టులో చదువుతూ చదువుతూ ఆ ఖాళీ దగ్గరికొచ్చింది. తన గీతలు అక్కడ తనకు తప్ప ఇంకెవరికీ అర్థం కావు. తోచింది చదివేసినా పట్టుకునేవాళ్లు లేరు. వెనక వరసలో కొట్టు పిల్లలు ఊపిరి బిగబట్టి చూస్తున్నారు.

"ఇక్కడ నేను రాయలేదండీ," అంది. "తప్పు నాదే."

యజమానుల లాయరు మొహం చేటంతయింది.

అంతలో ఆవిడ చెవిలో పాత గొణుగుడొకటి వినబడినట్టయింది. ఆ రోజు రాయడంలో తన తర్వాత వంతు బాబాయిది. సొంత బాబాయి కాదు, ఆఫీసంతటికీ బాబాయే. పది నిమిషాలకోసారి రాసే మనిషి మారాలి, కొత్త మనిషి ఒక్క నిమిషం ముందొస్తే చాలు. ఈయన మాత్రం ఎక్కడ ఆలస్యమవుతుందోనని ఐదు నిమిషాల ముందే వచ్చి పక్కన కూలబడి గొణిగేవాడు. మాట గొణగందే ఆయన చెయ్యి కదలదు. "నీ వంతు రాకుండానే ఏంటి బాబాయ్ ఈ గోల?" అని ఎన్నిసార్లు కసిరిందో! గొణిగాడంటే రాస్తున్నాడనేగా!

"బాబాయి పుస్తకం తెప్పించండి. ఆయన పోయి పదేళ్లయింది గానీ, ఏళ్ల తరబడి పక్కన కూర్చుని చూసినదాన్ని, ఆయన గీతలు నేను చదవగలను."

పుస్తకం తెచ్చారు. మొదటి పేజీలోనే ఆ వాక్యం దొరికింది. నీ వంతులో మాటలూ రాస్తున్నానని ఇన్నేళ్లలో ఒక్కసారైనా అన్నాడా మహానుభావుడు! ఆవిడ గొంతు పెంచి చదివింది.

"మంత్రి: వెనక గదిలో ఒక్క స్టూలు వేసి సరిపెడితే ఒప్పుకోం. మనిషికొకటి, అమ్మే చోటే ఉండాలి. సభ్యులు బల్లలు చరిచారు. గ్యాలరీలో ఒకావిడ లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. ఆవిడను బయటికి పంపించేశారు."

పెన్సిలమ్మ ఆ చివరి గీతల్ని మళ్లీ చదువుకుంది. అమ్మ నిద్రపోలేదన్నమాట. గ్యాలరీలో చప్పట్లు కొట్టడం నిషేధం; నిజం చెబితే ఉద్యోగానికి ఎసరొస్తుందని కూతురు హడలిపోతుందనే, కునుకు పట్టిందని చెప్పింది పిచ్చితల్లి.

"చప్పట్ల సంగతి కేసుకి అనవసరం, తీసేయండి," అన్నాడు లాయరు.

"సభలో జరిగింది ఏదీ తీసేయకూడదని మాకు నేర్పారు బాబూ," అంది ఆవిడ కళ్లు తుడుచుకుని.

జడ్జిగారు ఆ పేజీకేసి చూసి, "ఎవరావిడ?" అని అడిగారు.

"మా అమ్మండీ. బట్టల కొట్లో పనిచేసేది."