ఊరివాళ్ళు తినే చోటు

చొక్కా చేతి మీది పసుపు మరకకు రెండోసారి సబ్బు రాయబోతూ వెర్లిన్ ఆగిపోయింది. అది మొగుడు ఆల్‌స్టన్ తెల్ల చొక్కా, టూరిస్టులను వ్యానులో తిప్పే రోజుల్లో వేసుకునేది. మరకను ముక్కు దగ్గర పెట్టుకుంది. పసుపు, కొబ్బరిపాలు, ఉప్పు మాంసం. సందేహమే లేదు, ఆయిల్ డౌన్, సీమపనసను కొబ్బరిపాలలో నూనె తేలేదాకా ఇగిర్చే వంటకం. గ్రెనడా దీవిలో పుట్టిన ఏ ఆడదైనా కళ్ళు మూసుకుని చెప్పగల వాసన. కానీ ఈ నెలంతా తన పొయ్యి మీద ఆయిల్ డౌన్ కుండ ఎక్కనే లేదు. వండుతానంటే అతనే వద్దన్నాడు. "నీ చేతి ఆయిల్ డౌనా? కడుపులో బండరాయి పడేసినట్టుంటుంది. ఇంత అన్నం వండి చేప వేయించి పడెయ్, చాలు."

బయటి తిండి తనకు పడదని చెప్పే మనిషి. మరి ఎవరి కుండ ఇది?

ఆ రాత్రి అతను కంచాన్ని ఒక్క వేలితో పక్కకు నెట్టాడు. "ఆకలి లేదు." ఎందుకు లేదని అడిగితే, "తిరిగి తిరిగి చచ్చిందిలే" అన్నాడు. వసారాలోంచి అత్తగారు అందుకుంది. "మగాడు బయట కడుపు నింపుకొచ్చి ఇంట్లో నోరు మూసుకుని పడుంటే అదృష్టం అనుకోవాలే పిల్లా. మీ మామ అలా ఉండుంటే నేను రోజూ చర్చిలో కొవ్వొత్తి వెలిగించేదాన్ని." ఆవిడకు తెలుసా? తెలిసే అంటోందా? వెర్లిన్ ఇద్దరి కంచాలూ తీసి కడిగింది. కడుగుతున్నంతసేపూ ఆ వంట మనిషి ఎలా ఉంటుందో ఊహిస్తూనే ఉంది. చిన్న వయసు. నవ్వుతూ వడ్డించేది. చేతులు తనవాటిలా సోడా నీళ్ళకు పగిలి ఉండవు.

మర్నాడు తను పనిచేసే హోటల్లో పక్కలు మారుస్తుంటే, ఆ గదిలో దిగినావిడ మాటల్లో పెట్టింది. ఇక్కడి అతిథులందరూ అడిగేది ఒకటే, మీరంతా ఎక్కడ తింటారు, ఊరివాళ్ళు తినే చోటు చెప్పండి అని. అలా అడిగితే కింద మన భోజనాల హాలు పేరే చెప్పాలని మేనేజరు ఆజ్ఞ. కానీ ఈవిడ అడగలేదు, తనే చెప్పింది. గుయావ్ ఊళ్ళో చేపల బజారు వెనక టాంటీ యూడీన్, అంటే యూడీన్ పిన్ని, అని ఒకావిడ కొట్టు ఉందట. ఒక డ్రైవరు తీసుకెళ్ళాడట. పొడుగ్గా ఉంటాడు, ముందు పన్ను బంగారంది. అచ్చం ఆల్‌స్టనే. "చాలా మంచివాడు, పాపం" అంది.

మంచివాడు సరే. పాపం ఎందుకు? దుప్పటి అంచు పరుపు కిందికి దోపుతూ దోపుతూ వెర్లిన్ ఆ మాటను తిరగేసి చూసింది. ఇంట్లో సుఖం లేదని చెప్పుకున్నాడా? పెళ్ళాం గయ్యాళి అన్నాడా? ఒక మగాడు పరాయివాళ్ళ చేత పాపం అనిపించుకోవాలంటే ఇంటిదాని మీద ఏదో ఒకటి చెప్పి తీరాలి.

శుక్రవారం సెలవు పెట్టి, అత్తగారికి హోటలుకే అని చెప్పి, గుయావ్ బస్సెక్కింది.

కొట్టు అంటే నాలుగు బల్లలు, రేకు కప్పు, వంటింటికీ బల్లలకూ మధ్య వడ్డించే కిటికీ. వెర్లిన్ కళ్ళు ముందుగా ఆడవాళ్ళ కోసం వెతికాయి. ఉన్నది ఒక్కతే. డెబ్భై దగ్గర పడుతున్న ముసలమ్మ, వాచిన పాదాలకు మగాళ్ళ చెప్పులు. ఆవిడే యూడీన్. కూతురు గానీ మనవరాలు గానీ లోపల ఉందేమోనని వెర్లిన్ తొంగి చూసింది.

"ఏంటమ్మాయ్, కుండలోకి అలా చూస్తున్నావ్? ఏ కొట్టు వాళ్ళు పంపించారు నిన్ను?" అంది యూడీన్ గరిటె నడుముకు ఆనించి.

"ఎవరూ పంపలేదు టాంటీ. తినడానికే వచ్చా."

"తినడానికొచ్చినోళ్ళు కంచం చూస్తారు, కుండ కాదు. సర్లే, బల్లలన్నీ టూరిస్టు వ్యానుకి చెప్పి పెట్టారు. లోపలికొచ్చి ఆ స్టూలు మీద కూర్చో. దేన్నీ ముట్టుకోకు."

కంచం ఒళ్ళో పెట్టుకుని మొదటి ముద్ద నోట్లో పెట్టుకుంది. సీమపనస బాగా మగ్గింది. పిండి ముద్దలు మాత్రం కాస్త మందం. చేమాకు తొందరపడి వేసింది. బాగుంది గానీ తను ఇంతకంటే బాగా వండుతుంది. ఆ ఆలోచన రాగానే వెర్లిన్‌కు తన మీదే అనుమానం వేసింది. నిజంగానా? లేక తనకు రుచే తెలియదా, వాళ్ళు ఇన్నేళ్ళూ అంటున్నట్టు?

వ్యాను ఆగింది. ఆల్‌స్టన్ గొంతు వినగానే ఆమె కిటికీ పక్కకు జరిగింది.

"కూర్చోండి, కూర్చోండి. ఇలాంటి ఆయిల్ డౌన్ దీవంతా గాలించినా దొరకదు. దొరికేది ఒకప్పుడు. మా ఇంట్లో. నా వెర్లిన్ వండేది. అడుగున ఉప్పు మాంసం, పైన సీమపనస ముక్కలు పువ్వు పేర్చినట్టు పేర్చేది. మూత తీసేది కాదు. చెవి దగ్గర పెట్టి వినేది. కొబ్బరిపాలు ఇగిరి నూనె పలకడం మొదలెట్టగానే, ఆ చప్పుడుకే, దింపేసేది. ఆ చెయ్యి మళ్ళీ రాదండీ."

"ఎలా పోయారు?" అని ఎవరో మెల్లగా అడిగారు.

"నిద్రలోనే. గుండె. దేవుడు చల్లగా చూడాలి ఆమెను."

వెర్లిన్ కంచం కింద పెట్టేసింది. ఆ గొంతులో తన పేరు విని ఎన్నాళ్ళైందో. ఇంట్లో తను ఏయ్, ఇదిగో, ఎక్కడ చచ్చావ్. ఇక్కడ నా వెర్లిన్. తను చెవి పెట్టి వింటుందని ఇతనికి ఎలా తెలుసు? రేడియోలో క్రికెట్ పెట్టుకుని ఎప్పుడూ వీపు తిప్పి కూర్చునేవాడే. చూశాడన్నమాట. అంతా చూశాడు. ముందు ఏడుపొచ్చింది. అంతలోనే ఆగిపోయింది. ఇదంతా తెలిసినవాడికి రుచి కూడా తెలుసు. మొదటినుంచీ తెలుసు. ఇంటి ముందు పాక వేసి శనివారాలు వండి అమ్ముకుంటానని తను అడిగినప్పుడూ తెలుసు. "నీ వంట తిని టూరిస్టులు చస్తే నా లైసెన్సు పోతుంది" అన్నప్పుడూ తెలుసు. అత్తగారు ఆ మాటకు పడీపడీ నవ్వింది. ఆ తర్వాత తను మళ్ళీ అడగలేదు. కంచం నెట్టేసినప్పుడల్లా ఉప్పు ఎక్కువైందా, తగ్గిందా అని గిన్నె అడుగున వేలు పెట్టి నాక్కుని చూసుకుంది. వేరే ఆడది ఉండి ఉంటే ఎంత బాగుండేది. కనీసం ఆవిణ్ణి తిట్టుకునేది.

"పాపం, పెళ్ళాం పోయిన దగ్గర్నుంచీ నా దగ్గరికే వస్తాడు" యూడీన్ గుసగుసగా అంది. "నీకు తెలుసా ఆ అమ్మాయి?"

"కొంచెం తెలుసు, టాంటీ."

భోజనాలయ్యాక ఆల్‌స్టన్ వ్యాను దగ్గరికి వెళ్ళాడు. ఎండకు ముక్కు కందిపోయిన పెద్దావిడ ఒకతె కంచం తిరిగివ్వడానికి కిటికీ దగ్గరికొచ్చింది. ఇంకో వారం ఇక్కడే ఉంటాం, రేపు కూడా ఇలాంటి తిండే కావాలి, ఇంకెక్కడ దొరుకుతుందని అడిగింది. వెర్లిన్ యూడీన్ వంక చూసింది.

"శనివారం నా కొట్టు మూతేగా, చెప్పవే" అంది యూడీన్.

వెర్లిన్ స్టూలు మీంచి లేచింది. రేపు తెల్లారే బజారుకెళ్ళాలి. సీమపనసలు నాలుగైనా కావాలి. అత్తగారు అరుస్తుంది, అరవనీ.

"మా ఇంటికి రండి. ఆయిల్ డౌన్ వండుతా."

"మీ పేరు?"

"వెర్లిన్."

ఆవిడ నవ్వబోయి ఆగింది. బయట వ్యాను దగ్గర కునికిపాట్లు పడుతున్న ఆల్‌స్టన్ వైపు చూసి, మళ్ళీ ఈమె వైపు తిరిగింది. "ఇల్లు... ఎలా రావాలి?"

"దారి మీ డ్రైవరునే అడగండి" అంది వెర్లిన్. "రోజూ రాత్రి నిద్రపోయేది అక్కడే."