సామి పటం కింది డబ్బా

మా ఆయన గుండె డాక్టరు. అరవదేశంలోని మా కోవిల్‌పట్టిలో ఆ మాట అంటే చాలు, పేరు చెప్పక్కర్లేదు. అయినా చెబుతాను, దామోదరసామి. చుట్టుపక్కల నల్లరేగడి ఊళ్ళలో ఎవరి గుండె ఎలా కొట్టుకుంటుందో ఆయనకి తెలుసు, నా గుండె సంగతి తప్ప. అన్నం చల్లారిపోయేదాకా కాచుకుని కూర్చున్నదాన్ని, ఆ మాట అనే హక్కు నాకుంది. పెళ్ళిళ్ళకి తాళి కట్టాక వెళ్ళాం, చావులకి శవం లేచాక వెళ్ళాం. ఎందుకయ్యా ఆలస్యం అంటే, "పేషెంటు వచ్చినాడు" అనేవాడు, ఇంటికి చుట్టం వచ్చినంత సంతోషంగా.

ఆయనకి ఒంటి మీద కారం చల్లినట్లుండేది ఒక్కటే, సోడా. మా వైపు మనిషికి రొమ్ములో నొప్పి వస్తే అది గుండెనొప్పి అని చచ్చినా ఒప్పుకోడు. "వాయువు పట్టింది" అంటాడు. నేరుగా సోడా కడకి పోతాడు, కడ అంటే మా వైపు అంగడి. నిమ్మకాయ పిండించుకుని, ఉప్పు వేయించుకుని గటగటా తాగుతాడు. ఒక త్రేన్పు వస్తే తగ్గిపోయిందనుకుని ఇంటికి పోయి పడుకుంటాడు. కొందరు మళ్ళీ లేవరు. టపాకాయల కంపెనీలో పనిచేసేవాళ్ళూ, అగ్గిపెట్టెలు చేసేవాళ్ళూ, భూములున్న మా ఆసాములూ, అందరిదీ ఇదే వరస. "వీళ్ళు నా దగ్గరికి రారు పొన్నుతాయీ, సోడా కడకే పోతారు" అని పళ్ళు కొరికేవాడు.

చివరికి ఆయనే సోడా కడలకి పోయాడు. అంత చదివిన డాక్టరు, సెలవు దొరికితే చాలు, కారేసుకుని కడంబూరు, నాగలాపురం, ఏళాయిరంపన్నై తిరిగేవాడు. సోడా అమ్మేవాళ్ళ పక్కన బల్ల మీద కూర్చుని పాఠం చెప్పేవాడు. ఎవరైనా చేయి రొమ్ము మీద పెట్టుకుని, చెమటలు కక్కుతూ సోడా అడిగితే ఇవ్వొద్దు. ఒక మాత్ర నమిలించు. ఆటో పిలిచి ఆస్పత్రికి తోలు. అంతే పాఠం. మాత్రలు చిన్న రేకు డబ్బాలో పోసి ఇచ్చి, "సామి పటం కింద పెట్టు, విబూది పక్కన" అనేవాడు. సోడా కడ ఆడమనిషి మాత్ర ఇస్తే మగవాడు తీసుకోడట. సామి పటం కింది నుంచి తీసి ఇస్తే కాదనలేడట, కళ్ళకద్దుకుని మరీ నోట్లో వేసుకుంటాడట. వైద్యం చదివినవాడికి ఈ జిత్తులన్నీ ఎవరు నేర్పారో నాకు తెలియదు.

ఆ డబ్బాల పుణ్యమా అని బతికి బట్టకట్టినవాళ్ళు చాలామందే ఉన్నారు. సజ్జల మూటలూ గుమ్మడికాయలూ తెచ్చి మా గుమ్మంలో దించి పోయేవారు. నాకు ఆ గుమ్మడికాయలు ఎవరికి పంచాలో తోచేది కాదు.

ఆయన పోయి ఏడాది అయింది. నిద్రలో పోయాడని ఊరందరికీ చెప్పింది మా అబ్బాయి గోకులకృష్ణన్. వాడూ గుండె డాక్టరే, విరుదునగర్‌లో ఒక ప్రైవేటు ఆస్పత్రిలో చేస్తున్నాడు. ఆయన నిద్రలో పోలేదని తెలిసింది వాడికి, నాకు, మా డ్రైవరు సుడలైకి మాత్రమే.

తొలి తిథి రోజున గోకుల్ ఆస్పత్రిలో కొత్త గుండె వార్డుకి వాళ్ళ నాయన పేరు పెడదామనుకున్నారు. నల్లరాయి మీద పేరు చెక్కించి గోడకి బిగించారు కూడా. వాడు ఆ ఫొటో ఫోనులో పంపితే నేను వచ్చినవాళ్ళందరికీ చూపించాను. గర్వపడ్డాను, దాచడం ఎందుకు.

సరిగ్గా అప్పుడే ఏళాయిరంపన్నై నుంచి కాళియమ్మ వచ్చింది. ఆ ఊళ్ళో బస్సులు ఆగే చోట సోడా కడ ఆమెది. మొగుడు టపాకాయల కంపెనీ మంటల్లో పోయాక ఆ కడ మీదే బతుకుతోంది. వీధిలో అరవం మాట్లాడినా ఇంట్లో మన తెలుగే. లోపలికి రమ్మంటే రాలేదు, గుమ్మం పట్టుకుని నిలబడింది.

"తంగసామన్న పోయినాడమ్మా. టపాకాయల కంపెనీలో పనికి పోతా ఉండె. కడకి వచ్చి సోడా ఇయ్యమన్నాడు. చొక్కా అంతా చెమట. అయ్య చెప్పినట్టే చేసినా. సోడా ఇయ్యలే. మాత్ర ఇచ్చినా. కొడుకు ముత్తుపాండి వచ్చి ఆటోలో ఎక్కిచ్చుకోని పోయినాడు. ఆస్పత్రి చేరకముందే పానం పోయింది. ఇప్పుడు నేనిచ్చిన మాత్రతోనే సచ్చినాడని స్టేసన్లో కంప్లైంటు ఇచ్చినాడు."

కడ మూయించారట. డబ్బా పట్టుకుపోయారట. మాత్రలు ఎవరిచ్చారో వచ్చి చెప్పమన్నారట.

"చెప్పినావా?" అన్నాను.

"లేదమ్మా. అయ్య పేరు చెప్పొచ్చునా, కూడదా, నిన్ను అడిగి పోదామని వచ్చినా. వద్దంటే చెప్పను. నేనే మెడికల్లో కొన్నానంటా."

వకీలు కావాలనో, సాయం కావాలనో వచ్చి ఉంటుందనుకున్నాను. జైలుకి పోవడానికి నా అనుమతి అడగడానికి వచ్చింది. నాకు ఒళ్ళు మండిపోయింది. ఎవరి మీదనో నాకే తెలియలేదు. "అన్నం తిని పో" అన్నాను. తినకుండానే వెళ్ళిపోయింది.

సాయంత్రం గోకుల్ విరుదునగర్ నుంచి వచ్చాడు. చెప్పాను. వాడి మొహం పాలిపోయింది.

"ఆ మాత్రతోనే పోయినాడంటావా?" అని అడిగాను.

"తెలీదమ్మా. అది రక్తాన్ని పల్చన చేసే మాత్ర, గుండెపోటైతే మేలే చేస్తుంది. లోపల ఎక్కడన్నా రక్తం కారతా ఉండిందంటే అదే మాత్ర చంపేస్తుంది. పోస్టుమార్టం రిపోర్టు ఇంకా రాలే."

"మీ నాయనకి ఇది తెలుసునా?"

"తెలీకుండా ఉంటుందా? తెలిసే ఇచ్చినాడు. చీటీ లేకుండా, సోడా కడలో! ఇది బయటికి వస్తే ఆ వార్డుకి నాయన పేరు పెడతారా? నన్ను ఆడ ఉంచుతారా?"

"మరి కాళియమ్మ?"

"మంచి వకీలుని పెడదాం. తనే కొన్నానని చెప్పనీ. ఆమే సరేనంది కదా."

వాడు చెడ్డవాడు కాదు. తండ్రి అంటే వాడికి ప్రాణం, ఆయన పేరు రాయి మీద చూసుకోవాలని ఏడాదిగా ఆ ఆస్పత్రివాళ్ళ చుట్టూ తిరిగాడు. కానీ 'ఆమే సరేనంది కదా' అన్న మాట నాకు గొంతు దిగలేదు.

ఆయన ఎలా పోయాడో ఇప్పుడు చెబుతాను. విరుదునగర్‌లో పెళ్ళి భోజనం చేసి తిరిగి వస్తున్నాం. సాత్తూరు దాటాక ఆయన రొమ్ము రుద్దుకోవడం మొదలుపెట్టాడు. ఏమైందంటే, "వడలు ఎక్కువ తిన్నా పొన్నుతాయీ, వాయువు" అన్నాడు. రోడ్డు పక్క కడ కనిపిస్తే కారు ఆపించాడు. పన్నీరు సోడా అంటే ఆయనకి చిన్నప్పటి నుంచీ చెవికోసుకునేంత ఇష్టం. ఆ కడవాడు ఆయన్ని ఎరగడు, అడిగింది ఇచ్చాడు. తాగాడు. త్రేన్చాడు. "చూసినావా, పోయింది" అని నాతో నవ్వాడు. కోవిల్‌పట్టి వచ్చేసరికి నా భుజం మీద బరువుగా ఉన్నాడు, పిలిస్తే పలకలేదు.

ఇన్ని ఊళ్ళ జనాన్ని సోడా తాగొద్దని తిట్టి, తన దాకా వచ్చేసరికి అచ్చం వాళ్ళలాగే పోయాడు. గుండె డాక్టరు సోడా తాగి పోయాడంటే ఊరు నవ్వుతుందని గోకుల్ నిద్ర కథ అల్లాడు. నాకు ఈ ఏడాదంతా ఏడుపు కంటే కోపమే ఎక్కువ వచ్చింది. ఎవరితో చెప్పుకోను ఆ కోపం?

మర్నాడు పొద్దున్నే సుడలైని కారు తీయమన్నాను. గోకుల్ నిద్ర లేవలేదు, లేపలేదు.

ఏళాయిరంపన్నైలో తంగసామి ఇంటి ముందు పందిరి ఉంది. ఆ రోజు కర్మాంతరం. కాళియమ్మని కూడా రమ్మన్నాను కానీ ఆమె వీధి మొదట్లోనే ఆగిపోయింది. ముత్తుపాండి బయటికి వచ్చి నన్ను చూసి అరవంలో ఎవరు కావాలని అడిగాడు. గడ్డం మాసిపోయిన కుర్రవాడు, కళ్ళు ఎర్రగా ఉన్నాయి. నేను తెలుగులోనే చెప్పాను.

"నేను కోవిల్‌పట్టి డాక్టరు దామోదరసామి పెళ్ళాన్ని. ఆ మాత్రలు కాళియమ్మవి కాదు నాయనా, మా ఆయనవి. ఆయన చెప్పినట్టే ఆమె చేసింది. స్టేసన్లో కూడా ఇదే చెప్పబోతా ఉండా. కోపముంటే మా ఇంటి మీదికి రా. ఆమెని వదులు."

వాడి నోట కూడా తెలుగే వచ్చింది.

"డాక్టరయ్య మంచోడని అందరూ చెప్తారు. ఒకటి అడగతా, చెప్పమ్మా. మీ ఇంట్లో ఎవరికన్నా రొమ్ము నొప్పి వస్తే సోడా కడ మాత్రే ఇస్తారా? మీకు ఆస్పత్రి, మాకు సోడా కడా?"

పందిరి కింద ఉన్నవాళ్ళందరూ నా వైపు తిరిగారు. సుడలై నా వెనకే నిలబడి ఉన్నాడు, వాడు తల దించుకున్నాడు.

"మా ఆయనకి ఆ మాత్ర ఇచ్చేవాళ్ళే లేకపోయినారు" అన్నాను. "ఆయన నిద్రలో పోలే. రొమ్ము నొప్పి వస్తే వాయువన్నాడు. రోడ్డు పక్కన సోడా అడిగినాడు. ఆ కడలో సామి పటం ఉండాది, కింద డబ్బా లేదు. అడ్డుకోడానికి కాళియమ్మ వంటిది ఆడ ఎవరూ లేరు. తాగి, నా పక్కనే పోయినాడు. మాత్ర తింటే బతికేవాడో లేదో నాకు తెలీదు. మీ నాయన దేనితో పోయినాడో కూడా నాకు తెలీదు. కాళియమ్మ మాత్రం తనకి చెప్పింది చెప్పినట్టే చేసింది."

ముత్తుపాండి పందిరి గుంజ పట్టుకుని కింద కూర్చున్నాడు. వాడి గొంతు చిన్నపిల్లవాడి గొంతులా ఉంది.

"మా నాయన దారి పొడుగునా సోడానే అడిగినాడమ్మా. ఒక్క గుక్క ఇప్పియ్యిరా అన్నాడు. మళ్ళీ మళ్ళీ అదే. కాళియమ్మ కూడదన్నాది, నోరు మూసుకోని కూచో అని అరిచినా. ఆయనకి నేను చెప్పిన కడసారి మాట అదే. మీ ఆయనకి అడిగిందన్నా దొరికింది. మా నాయన దాహంతో పోయినాడు."

మా ఆయన సోడా తాగాడని ఏడాదిగా నేను కుమిలిపోతున్నాను. తండ్రిని తాగనివ్వలేదని ఈ అబ్బాయి కుమిలిపోతున్నాడు. వాడి పక్కనే, ఆ మట్టి మీదే కూర్చున్నాను. చీర మాసిపోతుందని సుడలై కుర్చీ తెచ్చాడు, వద్దన్నాను.

ముత్తుపాండి లేచి, వీధి మొదట్లో నిలబడ్డ కాళియమ్మ దగ్గరికి నడిచాడు. ఆమె కొడతాడేమో అన్నట్లు చేతులు అడ్డం పెట్టుకుంది. "ఒక సోడా కలిపి ఇయ్యి" అన్నాడు వాడు. "నిమ్మకాయ పిండి, ఉప్పేసి. నాయన ఆకులో పెట్టాల." పోయినవాళ్ళకి ఇష్టమైనవి ఆకులో పెట్టి పిలవడం మా వైపు ఆచారం. కాళియమ్మ నా వంక చూసింది, దానికి కూడా నా అనుమతి కావాలన్నట్లు. నేను తల ఊపాను. కడ తాళం స్టేషన్లో ఉంది కాబట్టి ఇంట్లో నుంచి సీసా తెచ్చి కలిపింది.

తర్వాత స్టేషన్‌కి వెళ్ళి ఉన్నదున్నట్లు చెప్పాను. వాళ్ళు రాసుకున్నారు. కాళియమ్మని ఇంటికి పొమ్మన్నారు, కేసు మాత్రం ఇంకా మూయలేదు. ముత్తుపాండి కంప్లైంటు వెనక్కి తీసుకోలేదు. రిపోర్టు వచ్చాక చూస్తానన్నాడు. నేనూ బతిమాలలేదు. రిపోర్టులో ఏం రాస్తారో తలుచుకుంటే ఇప్పటికీ నాకు అన్నం సయించదు. ఆ మాత్రే చంపిందని తేలితే ఏం మొహం పెట్టుకుని ఆ వీధిలోకి పోను?

విషయం విరుదునగర్ చేరడానికి ఎంతసేపు? వార్డుకి ఆయన పేరు వద్దనుకున్నారు. నల్లరాయిని గోడ నుంచి తీసేశారు. గోకుల్ ఉద్యోగం ఊడలేదు కానీ అక్కడ వాడితో ఎవరూ మునుపటిలా మాట్లాడడం లేదట. వాడూ నాతో మాట్లాడడం మానేశాడు.

అయినా తిథికి వచ్చాడు. అంతా సిద్ధం చేశాక ఆయన ఫొటో ముందు ఆకు వేశాను. అన్నం, పప్పు, వడలు, పాయసం వడ్డించాను. గోకుల్ సంచిలో నుంచి పన్నీరు సోడా సీసా తీసి ఆకు పక్కన పెట్టాడు. ఇష్టమైనవి పెట్టాలి కదా, వాడి తప్పేం లేదు.

ఫొటోలో ఆయన నవ్వుతున్నాడు, ఆ రోజు సోడా తాగి కారెక్కేటప్పుడు నవ్వినట్లే. నా ఒళ్ళు మండింది. లోపలికి వెళ్ళి బీరువా తెరిచాను. ఆయన పంచడానికి ఉంచుకున్న డబ్బాల్లో ఒకటి మిగిలి ఉంది. అందులో నుంచి ఒక మాత్ర తెచ్చి ఆకులో, అన్నం కంటే ముందు, ఆయన చేతికి అందేటట్లు పెట్టాను.

"ముందు ఇది నములు" అన్నాను ఫొటోతో. "తరువాత చూద్దాం నీ సోడా."

గోకుల్ ఆ మాత్ర వంక చూస్తూ నిలబడ్డాడు. తండ్రి పోయినప్పుడు కూడా ఏడవనివాడు నోటికి తువ్వాలు అడ్డం పెట్టుకుని ఏడ్చాడు. తర్వాత వంగి, సోడా సీసాని వాడే తీసి అవతల పెట్టాడు.