రెండు స్క్రూల గడియ

నేను ఒక ఇనుప గడియను. ఎర్రగా కాల్చి, సమ్మెటతో బాది నన్ను పుట్టించారు. దెబ్బలు అక్కడితో తీరిపోయాయనుకున్నాను, వెర్రిదాన్ని! తెచ్చి రొయ్యల షెడ్డులో ఆడవాళ్ళ మరుగుదొడ్డి తలుపుకి లోపలివైపు బిగించారు. బిగించిన మహానుభావుడు రెండే స్క్రూలు వేసి, మిగతా రెండూ జేబులో వేసుకున్నాడు.

రొయ్యలు ఒలిచే ఆడది లోపలికి వెళ్ళేది పని ఎగ్గొట్టడానికేనని మేస్త్రీ సూరన్న గట్టి నమ్మకం. తలుపు పడగానే బూటుకాలితో తన్నేవాడు. "ఏమే, లోపల కాపరం పెట్టావా? బయటికి రా!" ఆ తన్నులన్నీ నా నడుముకే తగిలేవి.

అందరికంటే మరిడమ్మ ఎక్కువ బెదిరేది. తన్ను వినగానే ఒళ్ళంతా బిగుసుకుపోయి, సగంలో లేచి పరుగెత్తేది. కాసేపటికి మళ్ళీ వచ్చి, మిగిలింది రాక ముక్కితే రక్తం పడేది. ఇన్నిసార్లు రాకూడదని మంచినీళ్ళు మానేసింది. దాంతో మలం ఇంకా గట్టిపడింది. చివరికి కళ్ళు తిరిగి పడితే ఆసుపత్రికి మోసుకెళ్ళారు.

తిరిగొచ్చాక, పక్కన రొయ్యలు ఒలిచే పాపాయమ్మకి నా ముందే చెప్పింది. "లోపల గడ్డలేం లేవంట వదినా. భయంతో కింద కండ బిగుసుకుపోద్దంట. ఆపుకున్నా, నీళ్ళు తాగకపోయినా, మధ్యలో లేచొచ్చేసినా అంతేనంట. నిదానంగా కూకోమంది డాక్టరమ్మ. లేకపోతే ఆపరేషనేనంట."

"ఎవడు కూకోనిత్తాడే నిన్ను?" అంది పాపాయమ్మ.

ఆ పూటే సూరన్న తన్నాడు. మరిడమ్మ లేవలేదు. "ఇంకా అవ్వలేదండీ!" అని అరిచింది. వాడు వెనక్కి వెళ్ళి, పరుగున వచ్చి మళ్ళీ తన్నాడు. నా స్క్రూ ఒకటి ఎగిరిపోయింది. తలుపు తెరుచుకుంది. ఆమెను జుట్టు పట్టి, ఉన్నదున్నట్టుగా బయటికి ఈడ్చాడు.

షెడ్డంతా చూసింది. పాపాయమ్మ ఐసు పార అందుకుంది. తక్కినవాళ్ళు చేతికేది దొరికితే అది. వాడి పళ్ళు రాలాయి, చెవి చిరిగింది. నెత్తురోడుతూ మరుగుదొడ్డిలోకే దూరి, నన్ను వేసుకున్నాడు.

"ఏరా, లోపల కాపరం పెట్టావా? బయటికి రా!" బయట పాపాయమ్మ పార తలుపు మీద పడుతోంది.

వాడు రెండు చేతులతో నన్ను అదిమిపట్టాడు. మరిడమ్మ కోసం ఎన్నేళ్ళు బిగపట్టానో! ఆపలేకపోయానన్న కసి నాలో ఇంకా రగులుతోంది. ఉన్న ఒక్క స్క్రూనీ వదిలేశాను.

వంగిపోయిన నన్ను షెడ్డు మూల తుక్కులో పడేశారు. అక్కణ్ణుంచి ఆ తలుపు కనిపిస్తుంది. కొత్త గడియకి మరిడమ్మ దగ్గరుండి నాలుగు స్క్రూలూ వేయించింది. తర్వాత చెంబెడు నీళ్ళు తాగి లోపలికి వెళ్ళింది. తలుపు పడింది. ఎవరూ తన్నలేదు. చాలాసేపటికి గానీ ఆమె బయటికి రాలేదు.