మళ్లీ మొదటికొచ్చిన చేప

"మామా, నీ ఎలక్షన్లకు జిఫ్ జేస్తున్న!" అని కోడలు వినోద వంటింట్లోంచి కేకేసింది. ఆ మాట మిక్సీ మోతలో నలిగి నలిగి, వాకిట్లో వల బాగుచేసుకుంటున్న గౌరయ్య చెవికి చేరేసరికి జీపైంది. గౌరయ్య ఇంకేమీ అడగలేదు. వరమిచ్చిన దేవుణ్ని ఏ కంపెనీదని అడుగుతామా?

శామీర్‌పేట చెరువు మత్స్యకారుల సంఘానికి చైర్మన్ ఎన్నిక. గౌరయ్య ఇప్పటికే రెండుసార్లు నిలబడ్డాడు, రెండుసార్లూ కూలబడ్డాడు. ఈసారీ ఓడితే సంఘం గడప తొక్కనని కట్ట మీద అందరి ముందూ ఒట్టేసుకున్నాడు. అవతల పోటీకి నిలబడ్డ పరమేష్‌కు సొంత జీపుంది, అతని ఫ్లెక్సీలు గండిమైసమ్మ చౌరస్తా దాకా వెలిశాయి. అక్కడ సంఘంలో ఓటున్నవాడు ఒక్కడూ లేడనుకోండి, ఫ్లెక్సీకి ఆ పట్టింపు లేదు.

అందుకే జీపు మాట వినగానే గౌరయ్య కట్ట మీదికి పరుగు తీశాడు. "మీటింగునాడు ముసలోళ్లెవరు నడువొద్దు, జీపొస్తది!" అని ఇంటింటికీ చెప్పొచ్చాడు.

సాయంత్రం వినోద ల్యాప్‌టాప్ తెరిచింది. మచ్చ బొల్లారం నుంచి వచ్చిన ఈ కోడలు మేడ్చల్‌లో ఒక ఫ్లెక్సీ షాపులో డిజైన్లు చేస్తుంది. పగలంతా నాయకుల మొహాలకు తెలుపెక్కించి, తను నల్లబడి ఇంటికొస్తుంది.

"జీపేది బిడ్డా?"

"జీపేంది మామా? జిఫ్! కదిలే బొమ్మ. నువ్వు వల ఇసురుతున్నట్టు ఒక్కొక్క బొమ్మ గీస్త. వరుసగ తిప్పితే నువ్వే కదిలినట్టు కనవడ్తది."

"అయ్యో, ఊరంత చెప్పొస్తిని గదనే!"

"చెప్పినోనివి నువ్వే సదురుకో. ఇగ లే, వల వట్టుకో."

గౌరయ్య వాకిట్లో వల భుజానేసుకుని నిలబడ్డాడు. చెయ్యి కొంచెం లేపితే ఒక బొమ్మ, నడుం తిప్పితే ఇంకో బొమ్మ. కాలెత్తగానే "ఆగు మామా!" అంది వినోద.

"వల ఇసిరెటోన్ని ఆగుమంటే ఎట్లాగుత? గాలిల వల ఆగుతదా?"

"ఆగుతదో లేదో గని, ఒంటికాలు మీద మస్తున్నవ్," అని అతని భార్య సుక్కమ్మ కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. "పెండ్లి పీటల మీద గూడ గింతసేపు కుదురుగ లేవు."

బొమ్మలు ఒక్కొక్కటే పేరుకున్నాయి. వల విచ్చుకుంది, నీళ్లలో పడింది, పైకి లేచింది. అందులో మిలమిలా ఒక చేప. వినోద అక్కడితో ముగించబోతే గౌరయ్య అడ్డం పడ్డాడు.

"కొత్తనీళ్లొచ్చినంక పడ్డ మొదటి శాప కట్ట మైసమ్మ తల్లిది. పసుపు రాసి మల్ల నీళ్లల్ల ఇడువాలె. బొమ్మల గూడ ఇంటికి తేను."

"మామా, ఇది ఆగేది గాదు. ఆఖరికొచ్చినంక మల్ల మొదటికెల్లి ఉరుకుతది."

"ఉరుకనీ! తల్లిని మల్లమల్ల తల్సుకున్నట్టయితది."

వినోద చేపను నీళ్లలో వదిలే బొమ్మ కూడా గీసి సంఘం గ్రూపులో పెట్టింది. గౌరయ్య నోట చేప ఎప్పుడూ శాపే. తెల్లారేసరికి అది నిజంగానే శాపమైంది.

పడవ దగ్గర గండయ్య, గౌరయ్యకు చిన్ననాటి జోడీదారు, ఫోన్ పట్టుకుని దిగులుగా కూర్చున్నాడు. "ఏం గౌరన్నా, పొద్దటిసంది సూస్తున్న. వల ఇసురుతవ్, శాపను పడ్తవ్, ఇడుస్తవ్. ఒక్కటి సుత ఇంటికి తెస్తలేవు. వదిన కూరేమొండుతది?"

పరమేష్ ఊరుకుంటాడా? ఆ బొమ్మ కింద రాత రాసి అందరికీ పంపాడు: "గౌరన్న చైర్మనైతే చెరువుల శాప చెరువులనే! మనం తినేదెప్పుడు?"

చెరువు సంగతి దేవుడెరుగు, గౌరయ్య పరువు మాత్రం నీటి పాలైంది.

మీటింగు రోజు పరమేష్ ఆ బొమ్మను సంఘం గదిలోని పెద్ద టీవీలో పెట్టించాడు. ఆ సంఘంలో ఓటంటే చేతులెత్తడమే. గెలిపించేవాళ్లు చేతులెత్తుతారు, ఓడేవాడు చేతులెత్తేస్తాడు. గౌరయ్య రెండో రకానికి సిద్ధపడే లోపలికొచ్చాడు. వెనక టీవీలో ఇంకో గౌరయ్య అలుపు లేకుండా చేపను పట్టి వదులుతున్నాడు. గది నవ్వుతోంది.

ఒట్టు గుర్తొచ్చి గౌరయ్య గొంతు సవరించుకున్నాడు. "నవ్వుండ్రి గని, ఒక్క మాట ఇనుండ్రి. అది మొదటి శాప. మైసమ్మది. రెండో శాప నా ఇంటికే అస్తది. బొమ్మకు రెండో శాప తెల్వది, ఆఖరికొచ్చినంక మల్ల మొదటికే పోతది. గందుకే ఎన్నిసార్లు వలేసినా దానికి మొదటి శాపే పడ్తది. మొదటి శాప ఎన్నిసార్లు పడ్డా తల్లిదే!"

గదిలో నవ్వు తగ్గింది. ముందు వరసలో కూర్చున్న యాదవ్వ, అందరికంటే పెద్ద ముసలామె, కర్ర మీద గడ్డం ఆనించి పరమేష్ వైపు తిరిగింది.

"ఏం కొడకా, ఈయేడు కొత్తనీళ్లొచ్చినంక నీ మొదటి శాపేమాయె?"

పరమేష్ తల గోక్కున్నాడు. "అది... మస్తు పెద్దగ ఉండె అవ్వా. ఇడువ బుద్ధిగాలే."

"పులుసు ఘుమఘుమ మా ఇంటిదాక వచ్చింది," అంది సుక్కమ్మ.

గది మళ్లీ పగలబడింది. ఈసారి నవ్వు దిక్కు మారింది. గౌరయ్యకు ఓటేసేవాళ్లు చేతులెత్తమనగానే వరసలు వరసలుగా చేతులు లేచాయి. యాదవ్వ చెయ్యి కూడా లేచింది, కానీ సగంలోనే ఆగింది, వినోద ఆగమన్నప్పటి గౌరయ్య కాలులాగా.

"ముందుగాల జీపు సంగతి చెప్పు, గౌరయ్యా. పొద్దటిసంది సడక్ మీద నిలవడి నిలవడి నా కాళ్లు గుంజవట్టె. ఆఖరికి నడిసే వస్తిమి. ఏదిరా నీ జీపు?"

లేచిన చేతులన్నీ అలాగే గాలిలో నిలబడి గౌరయ్య వైపు చూశాయి.

గౌరయ్య టీవీ వైపు చూపించాడు. "గిదే అవ్వా. కోడలు జిఫ్ అన్నది. మిక్సీ మోతల నేను జీపనుకున్న. తప్పు నాదే, మిమ్ములనందర్ని నడిపిచ్చిన, మాఫ్ జెయ్యుండ్రి."

యాదవ్వ టీవీలో బొమ్మను రెండుసార్లు తిరిగేదాకా చూసింది. తర్వాత చెయ్యి పూర్తిగా ఎత్తింది.

"సరె తియ్. పరమేషుకైతే జీపున్నది, మమ్ముల ఎక్కనిస్తడా? నీకు లేనే లేదు, అయినా ఎక్కుమంటివి!"