ముప్పై రెండు మెట్లు

మంచం మీద జాబేజ్ లేడు.

దయమ్మ దుప్పటి లాగింది, మంచం కింద వంగి చూసింది. పదహారేళ్ల పిల్లాడు, పుట్టాక ఒక్క అడుగు వేసి ఎరగడు. ఎక్కడికి పోతాడు? చక్రాల కుర్చీ గోడవారనే ఉంది. వీధి తలుపు మాత్రం బార్లా తీసి ఉంది. గడియారం ఏడు దాటింది. ఏళ్ల తరబడి నాలుగున్నరకు మోగే ఫోను ఇవాళ నోరెత్తలేదు. ఎవరో అలారం ఆపేశారు.

ఎవరు? టికియాపారా రైలు షెడ్డులో రాత్రి డ్యూటీలో ఉన్న మొగుడికి ఫోన్ చేసింది.

"పిల్లోణ్ణి నువ్వు గానీ తీసుకెళ్లావా?"

"నానింకా బండి కిందే ఉన్నానే. ఏటైనాది?" అన్నాడు జీవరత్నం.

ఆమె ఫోను పెట్టేసింది.

మోయడమే దయమ్మ బతుకు. కొడుకు మూడేళ్లప్పుడు పదకొండు కిలోలు, ఇప్పుడు నలభై మూడు. మంచం నుంచి స్నానానికి, స్నానం నుంచి కుర్చీలోకి, రెండో అంతస్తు నుంచి ముప్పై రెండు మెట్లు దిగి స్కూలు వ్యాన్‌లోకి. ఆ తర్వాత నర్సింగ్ హోమ్‌లో ఆయా పని. అక్కడా మనుషుల్ని ఎత్తడమే. తిండి నిలబడే, ఉప్పుచేప ముక్కతో చల్లన్నం. శుక్రవారం అదీ లేదు. కొడుకు కాళ్ల కోసం పదకొండేళ్లుగా ఉపవాస ప్రార్థన.

నిన్న బెంగాలీ డాక్టరు ఆమె బీపీ చూసి ముఖం చిట్లించాడు. రోజూ అరగంట నడవమన్నాడు, కంటినిండా నిద్రపొమ్మన్నాడు, ఉపవాసాలు మానకపోతే పక్షవాతం తప్పదన్నాడు. దయమ్మ నవ్వేసింది. "నేను పడుకుంటే వీణ్ణి మీరొచ్చి మోస్తారా, దాదా?" పక్కనే కుర్చీలో జాబేజ్ ఉన్నాడు. వాడు ప్రతి మాటా విన్నాడు.

దయమ్మ చెప్పులు లేకుండానే వసారాలోకి పరుగెత్తింది. పక్కింటి హైమ బిందె దించి అడ్డం నిలబడింది.

"మెల్లిగా, అత్తా. నీ రాజుగారు కిందికి వేంచేశారు. నిన్ను లేపితే నా పని పడతానన్నారు."

మెట్ల మీద దుమ్ము ఒక చార మేర తుడుచుకుపోయి ఉంది. గోనె ఈడ్చినట్టు. ఆ చార వెంటే దిగింది దయమ్మ.

కడపటి మెట్టు మీద జాబేజ్ కూర్చుని ఉన్నాడు. చొక్కా మట్టి కొట్టుకుపోయింది. మోచేతులు దోక్కుపోయి నెత్తురు కారుతోంది. ఆమె వంగి చంకల కింద చేతులు వేయబోతే తోసేశాడు.

"ఎవడు దింపేడురా నిన్ను? అలారం ఆపిందెవడు? పేరు చెప్పు, వాడి సంగతి చూస్తాను."

వాడికి మాట సాగి సాగి వస్తుంది. ఈసారి తొందర పడలేదు.

"నానే. నీ తలగడ కింద ఫోను తీసి ఆపింది నానే. మెట్లు కూసునే దిగినాను. గంట పట్టినాది. నా కాళ్ల కోసం పస్తులుండకు, అమ్మా. అవి రావు. రాకపోతే పోనీ. ఇయాళ శుక్రవారమే, అయినా తిను. తిని ఎదర గ్రౌండు చుట్టూ నడిచిరా. అందాకా ఇక్కడే ఉంటాను. రేపూ దిగతాను. ఎత్తడానికొచ్చావో, కరిసేస్తాను."